నర్సంపేట ఫోన్‌లోకి హనుమకొండ నుంచి

అల్లుడూ,

ఇంట్లో మూలన పడ్డ పాత ఫోన్‌ను లైనక్స్ సర్వర్‌లా వాడుకుంటానని, హనుమకొండ రూమ్ నుంచే అందులోకి లాగిన్ అవుతానని అక్క చెప్పింది. మంచి పనే. కానీ "కనెక్ట్ కావట్లేదు మామా" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఇక్కడ కూర్చుని నేనేం చెప్పను? స్క్రీన్ మీద ఏ మాట వచ్చిందో అది కావాలి.

"కనెక్షన్ రిఫ్యూజ్డ్" అంటే ఫోన్ దాకా చేరావు, కానీ అక్కడ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ (దూరం నుంచి లాగిన్ కానిచ్చే ప్రోగ్రామ్) నడవట్లేదు, లేకపోతే నువ్వు ఇచ్చిన పోర్ట్ (ఆ ప్రోగ్రామ్ వినే తలుపు నంబరు) తప్పు. "టైమ్డ్ అవుట్" అంటే అసలు ఫోన్ దాకానే చేరలేదు. "పర్మిషన్ డినైడ్" వస్తే సంతోషించు. దారి బాగుంది, సర్వర్ నడుస్తోంది, పాస్‌వర్డో, దాని బదులు వాడే కీ ఫైలో కుదరలేదంతే. ఈ తేడా చూడకుండా టెర్మక్స్ (ఫోన్‌లో లైనక్స్ కమాండ్లు నడిపే యాప్) తీసేసి మళ్లీ వేసేవాళ్లే ఎక్కువ. అలా చేస్తే కొత్త హోస్ట్ కీ (సర్వర్‌ను గుర్తుపట్టే కీ) తయారై, హోస్ట్ గుర్తింపు మారిందని ల్యాప్‌టాప్ పెద్దక్షరాల్లో హెచ్చరిస్తుంది. ఉన్న టెన్షన్‌కు ఇంకోటి తోడు. యాప్ నువ్వే మళ్లీ వేసి ఉంటే ల్యాప్‌టాప్‌లో ఉన్న పాత హోస్ట్ కీ తీసేసి ముందుకెళ్లు. వేయకుండానే ఆ హెచ్చరిక వస్తే మాత్రం పాస్‌వర్డ్ కొట్టకుండా ఆగు.

టెర్మక్స్‌ను ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచే తీసుకో. తర్వాత టెర్మక్స్ బూట్ లాంటి అనుబంధ యాప్‌లు వేసుకున్నా అవీ అక్కడివే కావాలి, లేకపోతే ఒకదానితో ఒకటి కలవవు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీ వేసి, పాస్‌వర్డ్ పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్‌డి అని కొడితే సర్వర్ మొదలవుతుంది. పుస్తకాల్లో పోర్ట్ 22 అని ఉంటుంది కదా, ఇక్కడ 8022. రూట్ చేయని (సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకోని) ఫోన్‌లో 1024 కన్నా కింది పోర్ట్‌లను యాప్‌లకు ఇవ్వరు. నువ్వు 22తోనే ప్రయత్నించావేమోనని నా అనుమానం.

ఆదివారం నర్సంపేట వెళ్లినప్పుడే అన్నీ సరిచూసుకో. అక్క చేత ఫోన్‌లో కమాండ్లు కొట్టించే పని పెట్టకు, ఇద్దరికీ బీపీ పెరుగుతుంది. ముందు టెర్మక్స్ నుంచి లోకల్‌హోస్ట్‌కే, అంటే ఆ ఫోన్‌కే, 8022 మీద లాగిన్ అయి చూడు. అయితే సర్వర్ బాగుంది. తర్వాత అదే వైఫైలో ల్యాప్‌టాప్ నుంచి చూడు. అక్కడ రిఫ్యూజ్డ్ అయినా, టైమ్డ్ అవుట్ అయినా ఫోన్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) ఇంకోసారి చూసుకో. కరెంటు పోయి వచ్చాక రౌటర్ కొత్త నంబర్ ఇచ్చి ఉండొచ్చు. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ ఫోన్‌కు ఒకే ఐపీ కేటాయిస్తే ఈ గొడవ ఉండదు.

పర్మిషన్ డినైడ్ తెగకపోతే ఫోన్‌లో నడుస్తున్న సర్వర్‌ను ఆపి, మైనస్ డి (చిన్న అక్షరం డి) పెట్టి మళ్లీ నడుపు. ఎందుకు ఒప్పుకోలేదో అక్కడే అక్షరం అక్షరం కనిపిస్తుంది. ఎక్కువసార్లు అది ఫైల్ పర్మిషన్ల గొడవే: ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, కీలు దాచే ఫైల్‌కు 600 ఉండాలి, అంటే నీకు తప్ప ఇంకెవరికీ తెరుచుకోకూడదు. కీ పనిచేశాక పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయి. ప్రైవేట్ కీని వాట్సాప్‌లో ఎవరికీ పంపకు, నాకు కూడా.

ఇక హనుమకొండ నుంచి. ఇంట్లో పనిచేసిన 192.168 ఐపీ అక్కడ కొడితే ఏ లాభమూ లేదు, అది ఆ ఇంటి లోపలి నంబరు. మొబైల్ డేటాలో అయితే చాలామంది ఒకే పబ్లిక్ ఐపీ పంచుకుంటారు కాబట్టి బయటి నుంచి నేరుగా రానివ్వదు. రౌటర్‌లో పోర్ట్ తెరవాలని చూడకు, తెరిచిన పోర్ట్‌ల కోసం బాట్లు రాత్రీ పగలూ వెతుకుతుంటాయి. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో టెయిల్‌స్కేల్ (రెండింటినీ ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే యాప్) వేసుకుని ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే ఫోన్‌కు 100తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది. దానికే 8022 మీద కనెక్ట్ అవ్వు.

కాసేపు పనిచేసి ఆగిపోతే అది ఆండ్రాయిడ్ పని. టెర్మక్స్‌కు, టెయిల్‌స్కేల్‌కు బ్యాటరీ సెట్టింగ్ 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టు, టెర్మక్స్ నోటిఫికేషన్‌లో వేక్‌లాక్ (ఫోన్ నిద్రపోకుండా చూసేది) నొక్కు. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌ల కింద నడిచే ప్రాసెస్‌లు అన్నీ కలిపి 32 దాటితే సిస్టమే కొన్నిటిని చంపేస్తుంది. 'సిగ్నల్ 9' అని కనిపిస్తే కారణం అదే కావచ్చు.

ఫోన్ ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంటుంది కాబట్టి రేకుల కింది సజ్జ మీద పెట్టకు. మే నెలలో అక్కడి వేడికి బ్యాటరీ ఉబ్బుతుంది. వెనక మూత కాస్త లేచినట్టు కనిపించినా వాడటం ఆపేయి.

వచ్చేముందు అక్కకు ఆ టెర్మక్స్ నోటిఫికేషన్ చూపించి, అందులో 'ఎగ్జిట్' నొక్కొద్దని చెప్పు. ఫోన్‌లో ఏ నోటిఫికేషన్ కనిపించినా తుడిచేసే అలవాటు ఆమెది.

మీ మామ