జీతం పెంచినా పనివాళ్లు ఎందుకు మానేస్తున్నారు?
మీ బేకరీలో 14 మంది ఉన్నారని, జీతం పెంచినా చెప్పకుండా మానేస్తున్నారని రాశారు కదండీ. ముందు నియామక పత్రాలు ఇవ్వండి. పని వేళలు, వారం సెలవు, జీతం పడే తేదీ, మానేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలో తెలుగులో ఒక్క పేజీ రాసి సంతకాలు తీసుకుంటే చాలు.

ఇక ఈఎస్‌ఐ, అంటే పనివాళ్లకు వైద్యం అందించే ప్రభుత్వ బీమా. 10 మంది గానీ, అంతకు మించి గానీ ఉంటే నమోదు తప్పనిసరి. నెలకు 21,000 రూపాయల లోపు జీతంలో వాళ్ల వాటా 0.75 శాతం, మీది 3.25. అంటే 15,000 జీతానికి మీరు నెలకు కట్టేది 488 రూపాయలు. దాంతో భార్యాబిడ్డలకూ వైద్యం దొరుకుతుంది. వెయ్యి రూపాయల ఇంక్రిమెంటు కన్నా ఇదే మనిషిని నిలబెడుతుందని నా నమ్మకం.

అన్నట్టు, మానేసినవాళ్లకు ఫోన్ చేసి కారణం అడగండి. చాలాసార్లు అసలు బాధ షిఫ్టులు వేసే సూపర్‌వైజర్ మాటతీరే. బాకీ జీతం ఉంటే మాత్రం అది ఇచ్చేశాకే అడగండి.