ఒకే గులాబీ మొక్కకు ఐదు రంగులు: అమ్మితే కేసవుతుందా?

ప్రశ్న: ఒకే గులాబీ మొక్కకు ఐదు రకాల కళ్లు (కొమ్మలుగా ఎదిగే చిన్న మొగ్గలు) అంటుకట్టాను. ఎరుపు, పసుపు, తెలుపు, నారింజ, లేత గులాబీ పూలు పూస్తున్నాయి. చూసినవాళ్లంతా కావాలంటుంటే కొన్ని చేసి అమ్ముదామనుకున్నాను. ఇంతలో ఇలాంటి మొక్కలే అమ్మే ఒకాయన, ‘ఈ పద్ధతి నాది, పేటెంట్‌కి అప్లై చేశాను, అమ్మావంటే కేసు వేస్తా’ అని మెసేజ్ పెట్టారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఆపేయాలా?

సమాధానం: ఆపక్కర్లేదు. ఆ మెసేజ్‌కి భయపడి ఒక్క మొక్క కూడా పీకకండి.

పేటెంట్ల చట్టం, 1970లో 3వ సెక్షన్ వేటికి పేటెంట్ రాదో చెబుతుంది. వ్యవసాయ, ఉద్యాన పద్ధతులు అందులో ఉన్నాయి. మొక్కలు, వాటి భాగాలు, విత్తనాలు, రకాలు కూడా ఉన్నాయి. బెరడు మీద ‘టి’ ఆకారంలో గాటు పెట్టి, అందులోకి కన్ను జొనిపి, ఊడకుండా టేపు చుట్టడం అచ్చంగా ఉద్యాన పద్ధతే. తోటపనివాళ్లు తరతరాలుగా చేస్తున్న పనిని ఒకరి సొంతం చేసే దారి చట్టంలో లేదు. పైగా అప్లై చేసినంత మాత్రాన కేసు వేసే హక్కు రాదు, పేటెంట్ మంజూరు కావాలి. ఆయన్ని దరఖాస్తు నంబరు రాతపూర్వకంగా అడగండి. బెదిరింపులు ఆగకపోతే అదే చట్టం 106వ సెక్షన్ కింద మీరే దావా వేయొచ్చు. బెదిరింపులు ఆపమని కోర్టు ఉత్తర్వు కోరవచ్చు, నష్టం జరిగి ఉంటే పరిహారమూ అడగొచ్చు. కాబట్టి ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. ఆయన ఫొటోలు, ఆయన మొక్కలకు పెట్టుకున్న పేర్లు మాత్రం వాడకండి. వాటి మీద ఆయనకు హక్కులు ఉండొచ్చు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది మీరు అడగని విషయం. ఆ ఐదు కళ్లు ఎక్కడి నుంచి తెచ్చారు?

మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001 కింద గులాబీ రకాలను కూడా నమోదు చేసుకోవచ్చు. నమోదైన రకాన్ని ఉత్పత్తి చేసే, అమ్మే హక్కు 28వ సెక్షన్ ప్రకారం దాన్ని నమోదు చేసుకున్నవారిదే. ఆ రక్షణ చెట్లకు, తీగలకు గరిష్ఠంగా 18 ఏళ్లు, మిగతా పంటలకు 15 ఏళ్లు. ఒకే వేరు మీద బతుకుతున్నా ప్రతి కన్నూ తన రకం గుణాన్నే మోస్తుంది. పసుపు కన్ను నుంచి వచ్చిన కొమ్మ పసుపే పూస్తుంది. అందుకే మన కంటికి అది ఒక్క మొక్కే అయినా చట్టం దృష్టిలో ఐదు రకాలు. నాలుగింటికి ఏ అడ్డూ లేకపోయినా, ఐదోది నమోదైన రకమైతే దానికి అనుమతి కావాలి. రకాల పేర్లు కనుక్కుని, మొక్కల రకాల ప్రాధికార సంస్థ రిజిస్టర్‌లో ఒక్కొక్కటీ చూడండి. పేరే తెలియని రకాన్ని అమ్మకానికి పెట్టే మొక్కల్లో వాడొద్దనే నా సలహా.

రైతులకు 39వ సెక్షన్‌లో మంచి వెసులుబాటు ఉంది. రక్షణ ఉన్న రకమైనా తమ పంటను, విత్తనాన్ని దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ప్యాక్ చేసి ఆ రకం పేరుతో లేబుల్ వేసి అమ్మకూడదు, అంతే. కుండీల్లో పెంచి అమ్మేవారికి ఇది వర్తిస్తుందని వాదించవచ్చు గానీ, మీరు దాని మీదే ఆధారపడటం నాకు ఇష్టం లేదు.

ఇక కొనేవాళ్ల సంగతి. అంటుకట్టిన మొక్కలో జోరుగా పెరిగే రకం మిగతావాటిని తొక్కేస్తుంది. అడుగు నుంచి వచ్చే వేరు పిలకలు తుంచకపోతే పై కొమ్మలన్నీ నీరసిస్తాయి. ఐదు రంగుల ఫొటో చూపించి అమ్మాక రెండే పూస్తే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అది తప్పుదోవ పట్టించే ప్రకటన కావచ్చు. కొన్నవారు రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు, అదీ తాము ఉండే జిల్లాలోనే. ప్రతి కన్నూ కనీసం ఒకసారి పూశాకే అమ్మండి. ఆ మొక్క ఫొటోనే చూపించండి. ఎన్ని కళ్లు పట్టాయో బిల్లు మీద రాయండి. పిలకలు తుంచాలని, జోరు కొమ్మను కత్తిరించాలని చిన్న చీటీ కట్టండి.

ఒక్కోసారి మీరు అంటుకట్టని రంగు ఏదో ఒక కొమ్మకు దానంతటదే పూస్తుంది. అలా కనిపిస్తే ఆ కన్ను వేరే మొక్కకు అంటుకట్టి, అదే రంగు నిలకడగా వస్తోందేమో చూడండి. వస్తే కొత్త రకంగా మీ పేరున నమోదుకు ప్రయత్నించవచ్చు. కానీ అమ్మకం మొదలై ఏడాది దాటితే చట్టం దాన్ని కొత్తదిగా లెక్కించదు. తేల్చుకునేదాకా ఆ కొమ్మ నుంచి ఎవరికీ కన్ను ఇవ్వకండి.