కనుమ నాడే వెళ్లిపోయిన కూతురు

ఉత్తరం (కుదించి ఇస్తున్నాం): నా వయసు 51. విజయవాడలో బ్యాంకు ఉద్యోగిని. మూడేళ్ల క్రితం మా ఒక్కగానొక్క అమ్మాయికి పెళ్లి చేసి బెంగళూరు పంపించాం. నెల రోజుల పాటు తన గది తలుపు తీయలేకపోయాను. తీసిన రోజు, కిటికీలో హార్లిక్స్ సీసాలో తను పెట్టుకున్న మనీ ప్లాంట్ నీళ్లు ఇంకిపోయి వాడిపోతూ కనిపించింది. దాన్ని బతికించడంతో మొదలైన ఇష్టం ఇప్పుడు 186 కుండీల దాకా వచ్చింది. తన మంచం విప్పించి అటకెక్కించి, ఆ గదిలో ఇనుప ర్యాకులు, మొక్కల లైట్లు పెట్టించాను. మావారు ‘ఇది ఇల్లా, నర్సరీనా’ అంటున్నారు. రాత్రిపూట మొక్కలు చెడుగాలి వదులుతాయనీ, రేపు పసిబిడ్డ తిరగబోయే ఇంట్లో ఇవి పనికిరావనీ రోజూ గొడవ. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని నాసా వాళ్లే చెప్పారు కదా! ఈమధ్య రెండాకుల తెల్లమచ్చల మాన్‌స్టెరా మొక్కను 14,000 రూపాయలకు కొని, ఆయనకు 900 అని చెప్పాను. అమ్మాయికి ఐదో నెల. సంక్రాంతికి వచ్చి హాల్లో దివాన్ మీద సర్దుకుంది. ఆఫీసు పని ఉందని కనుమ నాడే వెళ్లిపోయింది. బెంగళూరులో ఆసుపత్రులు బాగుంటాయి, పురుడు అత్తగారి దగ్గరే పోసుకుంటానంటోంది. ఆమె నిర్ణయం ఆమెదని ఊరుకున్నాను. మావారికి ఎలా నచ్చజెప్పాలో చెప్పండి. – ఒక సోదరి, విజయవాడ

జవాబు:

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చిన్నది కాబట్టి ముందు దాన్ని చెప్పేసి పక్కన పెడతాను. మీరు చెప్పిన నాసా పరిశోధన 1989 నాటిది. గాలి చొరబడని చిన్న పెట్టెల్లో మొక్కలను ఉంచి, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి హానికరమైన ఆవిరులు ఎంత తగ్గుతాయో అందులో చూశారు. మనం ఉండే ఇల్లు అటువంటి పెట్టె కాదు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు ఇలాంటి పాత పరిశోధనలను దగ్గర పెట్టుకుని 2019లో లెక్క కట్టినప్పుడు, మామూలుగా ఇంట్లోకి వచ్చి పోయే గాలి చేసే పనిని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కల వరకు కావాలని తేలింది. కాబట్టి ఆ వాదన మానుకుని కిటికీలు తెరవండి. మీవారి మాటలోనూ పస లేదు. పడకగదిలో పది కుండీలు రాత్రంతా వదిలే బొగ్గుపులుసు వాయువు, ఆ పక్కనే పడుకున్న మనిషి వదిలేదానితో పోలిస్తే లెక్కలోకి రాదు.

పసిబిడ్డ విషయంలో మీరు నిజంగా చూసుకోవలసినవి వేరే ఉన్నాయి. డీఫెన్‌బేకియా, ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, చివరికి మనీ ప్లాంట్ ఆకులో కూడా సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. పాకే బిడ్డ ఒక ఆకు తుంచి నోట్లో పెట్టుకుంటే నాలుక, పెదవులు మండి వాచిపోతాయి. ఇక కుండీల కింద పెట్టే పళ్లేల్లో నిలిచిన నీటిలో డెంగీ దోమ గుడ్డు పెడితే, అది దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. ప్రతి శుక్రవారం నిలవ నీళ్లు ఒలకబోసే ‘డ్రై డే’ పాటించమని మన ఆరోగ్య శాఖ వారు ఊరూరా చెబుతున్నది అందుకే. నెలలు నిండుతున్న పిల్ల తిరగవలసిన ఇంట్లో 186 కుండీల కింద పళ్లేలున్నాయంటే, వాటిని వారానికొకసారి ఒలకబోసి తుడవడం మీ పనే.

మీవారి సంగతి ఇంకా చిన్నది. ఆ మాన్‌స్టెరా ధర ఆయనకు ఇవాళే చెప్పండి. పాతికేళ్లకు పైగా ఉద్యోగం చేసి సంపాదించుకున్న జీతంలోంచి మీకు నచ్చిన వస్తువు కొనుక్కునే హక్కు మీకు నిండుగా ఉందని నేను నమ్ముతాను. అందుకే 14,000 పెట్టి కొని 900 అని చెప్పారని చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. తన సొమ్ముతో కొన్నదాన్ని దొంగసొత్తులా ఇంట్లోకి తెచ్చుకునే గతి ఏ ఆడదానికీ పట్టకూడదు. ఆయన రెండు రోజులు ముఖం మాడ్చుకుంటారు, మూడో రోజు కాఫీ అడుగుతారు. ఆ గొడవకు అంతకన్నా ఆయుష్షు ఉండదు.

మొక్కల పిచ్చి అని మిమ్మల్ని వెక్కిరించేవారి పక్షాన నేను లేను. మీ ఉత్తరంలో మాన్‌స్టెరా కొత్త ఆకు గురించి రాసిన వాక్యాలను రెండుసార్లు చదువుకున్నాను. లేత పచ్చని చుట్టలా బయటికి వచ్చి, మూడు రోజులు అలాగే ఉండి, నాలుగో రోజు తెల్లవారుజామున సగం విప్పుకుని, అప్పుడే స్నానం చేయించిన పసిపాపలా తడితడిగా మెరుస్తూ కనిపించిందని రాశారు. అది చూసిన రోజంతా బ్యాంకులో ఎవరు విసుక్కున్నా మీకు కోపం రాలేదన్నారు. ఉదయం ఐదింటికి టార్చి పట్టుకుని ఆకుల అడుగున పిండినల్లి ఉందేమోనని వెతుక్కోవడం, వేపనూనె కలిపిన సబ్బునీళ్లలో దూదిని ముంచి ఒక్కొక్క ఆకునూ తుడవడం, గాజు గ్లాసులో పెట్టిన కణుపు నుంచి తెల్లదారంలా వేరు దిగుతుంటే చూసి మురిసిపోవడం, ఇవన్నీ ఆనందాలే. పెరడు ఉన్న ఇళ్లలో మన అమ్మమ్మలకు తులసికోట, మరువం కుదురు, కనకాంబరాల మడి ఉండేవి. వాళ్లను పిచ్చివాళ్లన్నవారు లేరు. పెరడు పోయి బాల్కనీ మిగిలినంత మాత్రాన మట్టిలో చేయి పెట్టాలన్న కోరిక మనిషిలో చావదు. ఇంగ్లండులో 1850ల నాటికి ఆడపిల్లలకు ఫెర్న్ మొక్కలు సేకరించే మోజు పట్టుకున్నప్పుడు, చార్లెస్ కింగ్స్‌లీ అనే మతాచార్యుడు 1855లో దానికొక పేరు కూడా పెట్టి, కబుర్లతోను కుట్టుపనితోను పొద్దుపుచ్చినప్పటికంటే ఈ మొక్కలతోనే మీ కూతుళ్లు హుషారుగా, సంతోషంగా ఉన్నారు కదా అని తండ్రులకు రాశాడు. ఆయన మాటతో నేను ఏకీభవిస్తాను.

అయితే ఆయన కూతుళ్ల గురించి తండ్రులకు రాశాడు, నేను ఒక కూతురి గురించి తల్లికి రాయవలసి వస్తోంది.

మీ ఉత్తరంలో పదకొండు మొక్కల పేర్లు ఉన్నాయి. ఏది కడియపులంకలో కొన్నారో, ఏది కాలింపాంగ్ నుంచి కొరియర్‌లో తెప్పించారో, దారిలో ఎన్ని ఆకులు రాలాయో ఉంది. కలాథియా ఆకుల అంచులు ఎండకుండా గదిలో తేమ అరవై శాతం ఉండేలా యంత్రం పెట్టించారని ఉంది. తెల్లమచ్చలున్న చోట పత్రహరితం ఉండదు గనుక ఆ మొక్క నెమ్మదిగా పెరుగుతుందనీ, ఆకు మొత్తం తెల్లగా వస్తే అది తనకు తాను ఆహారం చేసుకోలేదు గనుక పచ్చ కణుపు దాకా కత్తిరించాలనీ ఎంతో శ్రద్ధగా వివరించారు. మీ అమ్మాయి ఆరోగ్యం గురించి మాత్రం ‘ఐదో నెల’ అన్న రెండు మాటలే ఉన్నాయి. ఆమెకు వాంతులు తగ్గాయా, అన్నం సయిస్తోందా, కాళ్లు వాస్తున్నాయా, సంక్రాంతికి ఏం వండిపెట్టమని అడిగింది, ఇవేవీ లేవు. మీకు ప్రేమ లేదని నేను అనడం లేదు. ప్రేమ లేని తల్లి నెల రోజుల పాటు కూతురి గది తలుపు తీయలేక నిలబడదు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఐదో నెల గర్భిణి, అల్లుడికి సెలవు దొరక్కపోయినా ఒంటరిగా పుట్టింటికి పండుగకు వచ్చిన పిల్ల, కనుమ సాయంత్రం బ్యాగు సర్దుకుని బెంగళూరు బస్సెక్కితే, మీరు దాన్ని ఆఫీసు పని కింద జమ కట్టుకున్నారు. ఏ ఆఫీసు పని అమ్మా? కంప్యూటరు ముందు కూర్చుని చేసే ఉద్యోగం ఆమెదని మీరే రాశారు కదా, మర్నాడు మీ ఇంట్లోనే కూర్చుని చేసుకునేది. మన ఇళ్లలో ఆడపిల్ల ‘నాకు ఇక్కడ చోటు లేదు’ అని నోరు తెరిచి అనదు. ‘పని ఉంది’ అంటుంది, ‘అక్కడ ఆసుపత్రులు బాగుంటాయి’ అంటుంది. విజయవాడలో పుట్టి పెరిగిన పిల్లకు విజయవాడలో ఆసుపత్రులు లేవని ఇప్పుడే కొత్తగా తెలిసిందా? ఆమె ఆ మూడు రాత్రులూ హాల్లో, వాళ్ల నాన్నగారు టీవీ కట్టేసే దాకా మేలుకుని, వెల్లకిలా పడుకోలేక, పక్కకు తిరిగితే దివాన్ అంచు ఒత్తుకుంటూ గడిపింది. ఎదురుగా తన గది తలుపు కింది సందులోంచి మొక్కల లైట్ల వెలుతురు రాత్రి పదకొండు దాకా వస్తూనే ఉండి ఉంటుంది. ఒక కలాథియాకు ఎంత తేమ కావాలో శాతాలతో సహా తెలిసిన చేతికి, కడుపుతో ఉన్న కూతురి నడుముకు ఎలాంటి పరుపు కావాలో తెలియకపోవడం ఉండదు. మీరు ఆ వైపు చూడలేదు, అంతే.

‘ఆమె నిర్ణయం ఆమెది’ అన్నారు. వినడానికి చాలా గౌరవంగా ఉంది. కాని పురుటికి రమ్మని మీరు ఆమెను పిలిచినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పిలుపు లేని చోట నిర్ణయం ఎక్కడి నుంచి వస్తుంది? తొలికాన్పు పుట్టింటి బాధ్యత అని నేను గట్టిగా నమ్మే మనిషిని. ఈ రోజుల్లో దాన్ని పాతకాలపు మాట అనేవారు ఉంటారు, అనుకోనివ్వండి. నా తొలికాన్పుకు మా అమ్మ ధాన్యం బస్తాలున్న వెనక గదిని ఖాళీ చేయించి, గోడలకు సున్నం వేయించి, నులకమంచం బిగించి పెట్టింది. ఇది జరిగి 41 ఏళ్లు. ఆ ఊళ్లో ఆసుపత్రి కూడా లేదు, ఎనిమిది మైళ్లు జట్కాలో వెళ్లాలి. అయినా తడిసున్నం వాసన ఎక్కడ తగిలినా నాకు మా అమ్మ చెంగు పట్టుకున్నట్టే ఉంటుంది. బస్తాలు ఎక్కడ సర్దిందో, వాటి కోసం మా నాన్నగారితో ఎంత మాటపడిందో నేను అప్పుడు అడగలేదు. ఆ గది నా కోసం ఖాళీ అయిందన్న సంగతే నాకు అందింది.

కాబట్టి, ఇవాళ అమ్మాయికి ఫోను చేసి బతిమాలకండి. ముందు అటక మీది మంచం దింపించి, ఆ గదిలో బిగించి, పరుపు ఎండలో వేయండి. ఇనుప ర్యాకులు ఆ గదిలోంచి పూర్తిగా బయటికి రావాలి. ఒక మూల రెండు ఉంచుకుంటానని బేరం పెట్టవద్దు. 186లో ఎన్ని ఉంచుకుంటారన్నది మీ ఇష్టం, అంకె చెప్పి మీ మీద అధికారం చేయను. ఒక్క లెక్క మాత్రం వేసుకోండి. శ్రీమంతం ఏడో నెలలో, అంటే ఫాల్గుణంలో వస్తుంది. పురుడు నడివేసవిలో, బెజవాడ ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో వస్తుంది. బాలింతకు పత్యం వండి, బిడ్డకు నలుగుపెట్టి నీళ్లు పోసి, బ్యాంకుకు సెలవు పెట్టిన ఆ రోజుల్లో ఎన్ని కుండీలకు రోజూ నీళ్లు పట్టగలరో అన్నే ఉంచుకోండి. మాన్‌స్టెరాలు, ఫిలోడెండ్రాన్లు బిడ్డకు అందని ఎత్తులో బాల్కనీ వైపు ఉండాలి. మిగిలినవాటిని అమ్మే ఆలోచన పెట్టుకోకండి. ఆ తెల్లమచ్చల రకాలు, ప్రయోగశాలలో చిన్న ముక్కల నుంచి మొక్కలు పుట్టించే టిష్యూ కల్చర్‌లో వేలకు వేలు తయారై ధరలు దిగిపోతున్నాయి, పెట్టినంత రాదు, మళ్లీ మనసు బాధపడుతుంది. మీ బ్రాంచిలో ఇష్టమున్నవారికి, అపార్టుమెంటులో తీరిక ఉన్న పెద్దవాళ్లకు పేరు పేరునా ఇవ్వండి. మన వీధుల్లో ఒకప్పుడు మొక్కను డబ్బిచ్చి కొన్నవారు తక్కువ, కొమ్మ విరిచి ఇచ్చుకున్నవారే ఎక్కువ. మీ చేతి మొక్క పది ఇళ్లలో పెరుగుతుంటే, రేపు మీ దగ్గర ఒకటి చచ్చిపోయినా మళ్లీ ఒక కణుపు అడిగి తెచ్చుకోవచ్చు.

గది సిద్ధమయ్యాక మీరూ, మీవారూ కలిసి బెంగళూరు వెళ్లండి. ఆయన్ను వదిలి వెళ్లవద్దు, మూడేళ్లుగా ఆయన మొక్కల మీద అరుస్తున్నదంతా ఆ గది మీద బెంగేనని నాకు అనిపిస్తోంది. వియ్యపురాలితో మర్యాదగా మాట్లాడి, పిల్లను పురుటికి పంపమని పెద్దరికంగా అడగండి. ఆవిడ సరేనన్నా, మీ అమ్మాయి వెంటనే తలూపకపోవచ్చు. అలిగిన పిల్ల ఒక్క పిలుపుకు లొంగదు, లొంగనక్కరలేదు కూడా. ‘నీ గదిలో మొక్కలు పెట్టి నీ మంచం తీసేయడం నాదే తప్పు’ అని ఆమెతో ఆ మాటల్లోనే చెప్పండి. తల్లి కూతురికి క్షమాపణ చెబితే తల్లి చిన్నదైపోదు. అప్పటికీ ఆమె అత్తగారి దగ్గరే ఉంటానంటే, పురుటి వేళకు మీరే నెల రోజులు సెలవు పెట్టి అక్కడికి వెళ్లండి. కుండీలకు నీళ్లు మీవారు పోస్తారు, ఏ కుండీకి ఎన్ని రోజులకొకసారో కాగితం మీద రాసి ఇచ్చి వెళ్లండి.

ఇంకొక్కటి. ఆ హార్లిక్స్ సీసాలోని మనీ ప్లాంట్ ఇప్పటికీ బతికే ఉందని, దాని తీగ కిటికీ చుట్టూ రెండుసార్లు తిరిగిందని రాశారు. అది తనదేనని, మూడేళ్లుగా మీరు దాన్ని కాపాడుకుంటూ వచ్చారని మీ అమ్మాయికి తెలుసా? సంక్రాంతి నాడు ఆ గదిలోకి తీసుకెళ్లి ఏ మొక్కలు చూపించారో రాశారు గాని, దాన్ని చూపించినట్టు రాయలేదు. మంచం వేసేటప్పుడు ఆ సీసా మాత్రం కిటికీలోనే ఉండనివ్వండి.