ఫోటోలో పడనిది రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ యాత్రా పుస్తకం రాతప్రతి అందింది. జవాబు ఆలస్యమైందని నొచ్చుకోకు. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ప్రాగ్, డ్రెస్డెన్, వార్సా, క్రాకుఫ్: యూరప్‌లో నాలుగు ఊళ్ళు, పదకొండు రోజుల సెలవు, నూటపన్నెండు పేజీలు, అరవై ఫోటోలు. ముందు ఫోటోలు చూసి, ఈ అమ్మాయికి నేను చెప్పగలిగింది ఏముంది అనుకున్నాను. తర్వాత చదవడం మొదలుపెట్టాను.

మొదటి పేజీలోనే 'చూడటానికి రెండు కళ్ళూ చాలలేదు' అన్నావు. భుజాన మూడు లెన్సులు మోసుకు తిరిగిన దానివి, నీకే చాలకపోతే మా గతేమిటి? ఆ వాక్యం కొట్టెయ్యి. 'మంత్రముగ్ధురాలినయ్యాను' ఏడుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను, ఈ వయసులో చేసే పనులివే. అవన్నీ ఒక పూటలో సరిదిద్దుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. ఎడమ పేజీలో ఫోటో, కుడి పేజీలో ఆ ఫోటోకే మాటల్లో నకలు. మంచు కమ్మిన వంతెన బొమ్మ నా కళ్ళెదుటే ఉంది. 'మంచు కమ్మిన వంతెన మీద దీపాలు మిణుకుమంటున్నాయి' అని మళ్ళీ ఎందుకు చెబుతావు? బొమ్మలో పడనిది చెప్పు.

ఆ వంతెన దగ్గరే కాసేపు ఆగుదాం. ప్రాగ్‌లోని చార్లెస్ వంతెన మీదికి జనం రాకముందే చేరాలని నాలుగు గంటలకే లేచానన్నావు. ఫోటోలో ఒక్క మనిషి లేడు. కింద 'ఇక్కడ కాలం ఆగిపోయింది' అని రాశావు. కాలం ఆగలేదు తల్లీ, నువ్వు పెందలాడే లేచావు. 1838లో పారిస్‌లో, తొలి ఫోటోగ్రాఫర్లలో ఒకడైన డాగ్యుర్ ఒక పెద్ద వీధిని ఫోటో తీశాడు. బళ్ళతో, జనంతో కిటకిటలాడే వీధి అది. ప్లేటు మీద బొమ్మ పడడానికి కొన్ని నిమిషాలు పట్టేది కనుక కదిలేవాళ్ళెవరూ అందులో పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు కదపకుండా నిలబడ్డ ఒక మనిషీ, ఆ పాలిష్ చేసేవాడూ మాత్రం మిగిలారు. ఫోటోలో కనిపించిన మొదటి మనుషులు వాళ్ళేనంటారు. వీధిని ఖాళీగా చూపించడం కెమెరాకు పుట్టుకతో వచ్చిన గుణం. ఆ ఖాళీ ఎలా వచ్చిందో చెప్పవలసింది నువ్వు. నాలుగింటికి మోగిన అలారం గురించి, రాళ్ళు పరిచిన వీధిలో నీ ఒక్కదాని అడుగుల చప్పుడు గురించి, నీకంటే ముందే వచ్చి ట్రైపాడ్ పాతుకుని నిలబడ్డ వాళ్ళ గురించి (ఎవరూ రాకుండా ఉండరు, అక్కడ ఎప్పుడూ ఉంటారు) ఒక్క ముక్క లేదు.

అదే వంతెన మీద నేపోముక్ యోహాను అనే మతగురువు విగ్రహం ఉంది. 1683లో పెట్టారు, అక్కడి ముప్ఫై విగ్రహాల్లో మొదటిది. 1393లో రాజాజ్ఞతో ఆయన శవాన్ని నదిలోకి తోసేశారు. విగ్రహం పీఠానికి రెండు కంచు పలకలున్నాయి. ఒకదాని మీద ఆయనను నదిలోకి పడేసే దృశ్యం, రెండోదాని మీద ఒక సైనికుడు, వాడి పక్కన కుక్క. పలకలు నల్లగా ఉంటాయి. నదిలో పడుతున్న ఆ చిన్న మనిషీ, ఆ కుక్కా మాత్రం బంగారంలా మెరుస్తుంటాయి. తాకితే కోరిక తీరుతుందని వచ్చినవాళ్ళంతా చేత్తో రాస్తారు. మన గుళ్ళలో చేతులు తగిలి రాయి నల్లబడుతుంది, అక్కడ చేతులు తగిలి కంచు తెల్లబడింది. కుక్క సంగతి వేరు. ఆ కథలో దానికేమీ పాత్ర లేదు, ముద్దుగా ఉందని నిమురుతారంతే. నీ ఫోటోలో విగ్రహం తల వెనక అయిదు నక్షత్రాలు, దాని పైన ఆకాశం ఉన్నాయి. నువ్వు కిందికి వంగలేదు.

డ్రెస్డెన్ పేజీల దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. ఫ్రావెన్‌కిర్ష ఫోటో అడుగున, 'గోడమీది నల్ల మచ్చలు కంటికి ఇబ్బందిగా ఉంటే కంప్యూటర్లో కొంత తగ్గించాను' అని రాశావు. ఆ మచ్చలే ఆ చర్చి కథ. 1945 ఫిబ్రవరి బాంబు దాడిలో ఊరు తగలబడింది, మంటల వేడికి ఈ చర్చి రెండు రోజులకు కూలిపోయింది. తర్వాత దాదాపు యాభై ఏళ్ళు ఊరి నడిబొడ్డున రాళ్ళ గుట్టగా పడి ఉంది. తొంభైల్లో ఆ గుట్టను విప్పి, ఏ రాయి ఏ గోడలోదో కొలతలతో, కంప్యూటర్ సాయంతో పోల్చుకుని, వీలైనన్నిటిని పాత చోటే పెట్టి చర్చిని మళ్ళీ లేపారు. 2005లో తలుపులు తెరిచారు. నల్లవి పాత రాళ్ళు, లేత పసుపువి కొత్తవి. పైనున్న శిలువను చేసిన కంసాలి లండన్ వాడు. వాడి తండ్రి ఆనాడు ఆ ఊరి మీద బాంబులు వేసిన విమానాల్లో ఒకదాన్ని నడిపాడు.

ఇంకో సంగతి. ఆ ప్రాంతపు ఇసుకరాయి గాలికీ వానకీ తనంతట తానే నల్లబడుతుంది. కొన్ని దశాబ్దాలు పోతే కొత్త రాయి కూడా పాతదానిలో కలిసిపోతుంది, అతుకు తెలియదు. నీ ఫోటో ఆ అతుకు కనిపించే రోజుల్లో తీసింది. అసలు ఫైలు దాచుకున్నావని ఆశిస్తాను. దాన్నే వెయ్యి.

వార్సా గురించి రాసిన పేజీ చూసి మాత్రం నవ్వుకున్నాను, నేనూ అక్కడే జారిపడ్డాను కనుక. పాతబస్తీ కూడలిలో రంగురంగుల ఇళ్ళు చూసి నువ్వు 'శతాబ్దాలు గడిచినా చెక్కు చెదరని గోడలు' అన్నావు. పాతికేళ్ళ కిందట నేను ఒక పత్రికలో 'నాలుగు వందల ఏళ్ళ ఇళ్ళు' అని రాశాను. అచ్చయిన వారానికి ఒక పాఠకుడు కార్డు రాశాడు: 'అయ్యా, ఆ ఇళ్ళు తమరికంటే చిన్నవి.' 1944లో ఊరివాళ్ళు చేసిన తిరుగుబాటును అణచివేశాక జర్మన్ సైన్యం ఆ పాతబస్తీని పనిగట్టుకుని పేల్చేసింది. నూటికి ఎనభై అయిదు వంతులకు పైగా పోయింది. నువ్వు చూసిన కూడలిని మళ్ళీ కట్టి 1953లో తెరిచారు. ముఖాలు పాతవి, లోపల కొత్త కాలపు ఫ్లాట్లు. ఈ కట్టడాన్నే, మళ్ళీ కట్టినందుకే, 1980లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కార్డు చాలాకాలం నా బల్ల మీదే ఉండేది.

ఎలా కట్టారు అన్నది ఫోటోగ్రాఫరుగా నిన్ను కదిలించాలి. యుద్ధానికి ముందు ఆర్కిటెక్చర్ విద్యార్థులు కొలిచి గీసిన పటాలు దొరికాయి. వాటితోపాటు బెర్నార్డో బెలోట్టో అనే వెనిస్ చిత్రకారుడి బొమ్మలు ఆధారమయ్యాయి. తనలాగే చిత్రకారుడైన మేనమామ కానలెట్టో పేరే తానూ వాడుకునేవాడు. చీకటి పెట్టెలోంచి పడే బింబాన్ని సాయం తీసుకుని వీధుల్ని గీసేవాడంటారు, అంటే నీ కెమెరాకు తాత లాంటిదన్నమాట. పాతబస్తీ నుంచి దక్షిణంగా సాగే రాచబాట మీది భవనాలు కొన్నిటిని ఆయన బొమ్మలు చూసి నిలబెట్టారు. చిత్రమేమిటంటే, బొమ్మ అందం కోసం ఆయన అక్కడక్కడ అసలును మార్చి గీశాడు. ఆ మార్పులు కూడా కొన్ని రాయిగా మారాయి. ఈ బెలోట్టోయే 1747లో డ్రెస్డెన్ చేరి, అప్పటికి కొత్తదైన ఫ్రావెన్‌కిర్షను గీశాడు. 1780లో వార్సాలో చనిపోయాడు. నీ రెండు ఊళ్ళనూ కలిపే దారం నీ పుస్తకంలోనే ఉంది, నువ్వు మాత్రం వాటిని రైలు టిక్కెట్టుతో కలిపావు.

ఇవన్నీ గుప్పించమని అనడం లేదు. గైడు పుస్తకాలు అంగడిలో దొరుకుతాయి. ఊరికి ఒక్క వస్తువు ఎంచుకో, దాని దగ్గర కూర్చో, మిగతావి వదిలెయ్యి. ప్రాగ్ గడియారం గురించి నువ్వు రాసిన నాలుగు పేజీలు హాయిగా తీసెయ్యవచ్చు, ఎవరూ అడగరు. జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకో. ఫోటో తీసిన ప్రతిసారీ ఫ్రేములోకి రానిది ఒక్కటి అందులో రాయి: వాసనో, వెనకనుంచి వినబడ్డ మాటో, కాఫీకి ఎంత పుచ్చుకున్నారో. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి పల్లకీలో కాశీకి బయలుదేరినప్పుడు ఆయన దగ్గర కెమెరా ఎక్కడిది? మజిలీ మజిలీకీ దారి ఎలా ఉంది, నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతుంది అని రాసిపెట్టుకున్నాడు. ఆ ఊళ్ళు మనకు ఇప్పటికీ కనబడుతున్నాయి.

ఊళ్ళ పేర్లు కూడా ఒక దారికి తెచ్చుకో. క్రాకో, క్రాకౌ, క్రాకోవ్ అని మూడు రకాలుగా రాశావు. ఆ ఊరివాళ్ళు క్రాకుఫ్ అంటారు. మన లిపిలో హాయిగా పలుకుతుంది, అదే ఉంచు.

ఆ క్రాకుఫ్ సంగతే చివరిది. రాతప్రతిలో ఆ ఊరికి పద్దెనిమిది పేజీలు, అన్నీ చప్పగా ఉన్నాయి. కానీ దాంతోపాటు నాకు పంపిన ఉత్తరంలో, 'మీకు నవ్వొస్తుందేమో' అంటూ మూడు వాక్యాలు రాశావు. మరియమ్మ చర్చి కింద వంగి లెన్సు మారుస్తుంటే పైన గోపురం మీద బూరా మోగిందనీ, పాట నడుమన గొంతు నొక్కినట్టు తెగిపోయిందనీ, ఎవరికో ఏదో అయిందని గాభరాగా తలెత్తేసరికి కిటికీ ఖాళీగా ఉందనీ. ఆ పాట రోజూ అలాగే తెగుతుంది. అగ్నిమాపక దళం వాళ్ళు గంటగంటకూ, పగలూ రాత్రీ, నాలుగు దిక్కులకూ ఊదుతారు, ప్రతిసారీ ఒకే స్వరం దగ్గర ఆపేస్తారు. శత్రువులు వస్తున్నారని హెచ్చరించిన కావలివాడి గొంతులో తాతార్ల బాణం దిగింది కనుక అక్కడ ఆపుతారని కథ. కథను కథ అని చెప్పి రాయి. నీ గాభరా మాత్రం ఉన్నదున్నట్టు రాయి. చేతిలో ఏ లెన్సు ఉంది, మూత ఎక్కడికి దొర్లింది, పక్కనున్నవాళ్ళు తలెత్తారా లేదా?

ఆ పద్దెనిమిది పేజీలు పక్కన పెట్టి ఈ మూడు వాక్యాలను మూడు పేజీలు చేసి పంపు. ఫోటో అక్కర్లేదు. వచ్చే నెల మొదటివారం దాకా ఊళ్ళోనే ఉంటాను, ఆ తర్వాత కంటి ఆపరేషన్ ఉంది. ఆలోగా పంపితే నేనే చదువుకుంటాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి