కోడ్ రాసే అబ్బాయి పాఠాలు రాస్తానంటే?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చదివి రెండేళ్లుగా హైదరాబాద్‌లో వెబ్ డెవలపర్‌గా పనిచేస్తున్నాడు. ఇప్పుడు డిజైన్ పత్రికలకు ప్రోగ్రామింగ్ పాఠాలు రాస్తానంటున్నాడు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలోనే చదివాడు. చెల్లెలు ఇంటర్ చదువుతోంది, ఇంటికి ఇతని జీతమే ఆధారం. రాయనివ్వవచ్చా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నిశ్చింతగా రాయనివ్వండి. ఉద్యోగం మాత్రం వదలనివ్వకండి. ఈ రాతల మీద ఇల్లు గడవదు. బ్రిటన్‌లో 1994లో మొదలై వెబ్ డిజైనర్ల అభిమానం చూరగొన్న ‘నెట్’ పత్రిక కూడా 2020లో మూతపడింది. కొన్ని పత్రికలు వ్యాసానికి ఇంత అని ఇస్తాయి. అది వస్తే ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాలి.

ఇక రాయడం వల్ల ఒరిగేదేమిటంటే, 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అనే అమెరికన్ డిజైనర్ ‘ఎ లిస్ట్ అపార్ట్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఒకే పేజీ ఫోనులోనూ పెద్ద తెర మీదా సర్దుకుపోయేలా కట్టే పద్ధతిని అందులో చూపించి, దానికి ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అని పేరు పెట్టారు. మీ అబ్బాయి ఆఫీసులో రోజూ ఆ పేరు వింటూనే ఉంటాడు. పనిచేసే మనిషి తన పనిని విడమరచి చెబితే అంత దూరం వెళ్తుంది.

ఆ పద్ధతినే పాఠంగా చెప్పాలనుకోండి. 960 పిక్సెళ్ల (తెర మీది చుక్కలు) వెడల్పున్న పేజీలో 300 పిక్సెళ్ల గడి ఉంది. 300ని 960తో భాగిస్తే 31.25 శాతం. గడి వెడల్పు ఇలా శాతంలో ఇస్తే తెరతోపాటు తగ్గుతుంది, కానీ లోపలి బొమ్మ తగ్గక గడి దాటి బయటికి పొడుచుకొస్తుంది. మంచి రచయిత ముందు ఆ చెడిన పేజీని చూపిస్తాడు. ఆ తర్వాతే, బొమ్మ తన గడి వెడల్పును మించకూడదని చెప్పే ‘మ్యాక్స్-విడ్త్ 100 శాతం’ అనే ఒక్క వరుస చేర్చి, బొమ్మ గడిలో ఒదిగిపోవడం చూపిస్తాడు. ఎందుకు ఒదిగిందో చెప్పలేకపోతే తనకే సరిగా తెలియదని ఆ క్షణంలో తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో అడిగేదీ ఆ ‘ఎందుకు’ గురించే.

తెలుగు మాధ్యమం గురించి బెంగ వద్దు. పాఠానికి కావలసింది పొట్టి వాక్యాలు. భాషను ఎడిటర్ దిద్దుతారు, తప్పు కోడ్ పంపితే మాత్రం పరువు పోతుంది. ఏఐతో రాయించి తన పేరు పెట్టుకోవడం అంతకన్నా తప్పు. దానివల్ల అతనికి వచ్చే విద్య ఏమీ లేదు.

ఢిల్లీ నుంచి వెలువడే ‘ఓపెన్ సోర్స్ ఫర్ యు’ పత్రికతోనో, 2006లో జర్మనీలో మొదలైన ‘స్మాషింగ్ మ్యాగజీన్’తోనో ప్రయత్నించవచ్చు. వ్యాసమంతా రాసేయక ముందే, ఏం చెప్పదలిచాడో ఒక పేజీలో రాసి పంపి అడగమనండి. అంతకన్నా ముందు ఉద్యోగ ఒప్పందం తీసి చదవాలి. బయట రాయడానికి అనుమతి కావాలంటే అడగాలి. కంపెనీ కోడ్ ఒక్క వరుస కూడా వ్యాసంలోకి రాకూడదు, ఉదాహరణలు సొంతంగా తయారు చేసుకోవాలి.

మొదటి పాఠం చెల్లెలికి ఇచ్చి, ఆమె చేస్తుంటే పక్కన నోరు మెదపకుండా కూర్చోమనండి. ఆమె ఎక్కడ ఆగి అన్న ముఖం చూస్తుందో, పాఠంలో అక్కడ ఒక మెట్టు తగ్గిందన్నమాట. అది కట్టి, అప్పుడు పంపమనండి.