జున్ను చిగుళ్ళు రోజూ చూడు

చిరంజీవి సౌజన్యకు,

చిత్తూరు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ పిల్లిపిల్ల జున్నుకు పరీక్షలో ఫీలైన్ ల్యుకేమియా అనే వైరస్ జబ్బు తేలిందని నిన్న రాత్రి ఫోనులో చెప్పి, నువ్వు పదే పదే అడిగింది ఒక్కటే: "జున్ను ఎన్నాళ్ళు బతుకుతుంది పెద్దమ్మా?" ఆ పూట నాకు నోట మాట రాలేదు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్నే తప్ప డాక్టర్ని కాను. కానీ ఇదే జబ్బుతో ఉన్న మా పిల్లి బూడిదను మూడేళ్ళు సాకాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందుగా, ఒక్క పరీక్షతో గుండె రాయి చేసుకోకు. క్లినిక్‌లో రక్తపు చుక్కతో చేసినది వైరస్ తాలూకు ప్రోటీన్ ఉందో లేదో చూపే పరీక్ష. కొన్ని పిల్లుల ఒళ్ళు ఆ వైరస్‌ను అణచిపెడుతుంది. అప్పుడు కొన్ని వారాలకు అదే పరీక్షలో ఏమీ కనబడదు. అందుకని ఒకటి రెండు నెలలు ఆగి మళ్ళీ చేయించు. అప్పటికీ సందేహం తీరకపోతే పీసీఆర్ గురించి, అంటే వైరస్ జన్యువునే వెతికే పరీక్ష గురించి అడుగు. 1955 నుంచి నడుస్తున్న వెటర్నరీ కాలేజీ మీ తిరుపతిలోనే ఉంది. నాలాగా బస్సులో బుట్ట ఒళ్ళో పెట్టుకుని తిరగాల్సిన పని నీకు లేదు.

పేరులో ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, అని ఉందని హడలిపోయావు. 1964లో స్కాట్లాండ్‌లో క్యాన్సర్ వచ్చిన పిల్లుల్లో ఈ వైరస్‌ను కనిపెట్టారు, ఆ పేరు అలా పడింది. నిజానికి చాలా పిల్లులను తీసుకుపోయేది రక్తహీనత, లేదంటే ఒంట్లో శక్తి తగ్గాక చుట్టుముట్టే చిన్నా పెద్దా జబ్బులు. మనుషులకు గానీ కుక్కలకు గానీ ఇది అంటదు. బాబుకు అంటుకుంటుందని మీ అత్తగారు భయపడుతున్నారు కదా, నా మాటగా ఆవిడకు చెప్పు.

పిల్లి నుంచి పిల్లికి మాత్రం అంటుతుంది, అదీ ఎక్కువగా ఉమ్ముతోనే. ఒకదాన్నొకటి నాకడం, ఒకే గిన్నెలో తినడం, కరుచుకోవడం, ఇవే దారులు. బూడిదకూ, మా నల్లదానికీ నేను ఒకే సత్తు పళ్ళెంలో అన్నం కలిపి పెట్టేదాన్ని. ఎంత ముద్దుగా తింటున్నాయో అని మురిసిపోయాను కూడా. తరువాత నల్లదానికీ పరీక్షలో అదే తేలింది. ఆ పళ్ళెం ఇప్పటికీ అటక మీదే ఉంది. పారేయలేదు, వాడనూ లేదు. కాబట్టి జున్నుకు తోడుగా ఇంకో పిల్లిపిల్లను తెస్తానన్న ఆలోచన మానుకో. కిటికీలకు వల కొట్టించు, పిట్టగోడ దాటి పక్క డాబా మీదికి పోనివ్వకు. వైరస్ బయట ఎక్కువసేపు నిలవదు, సబ్బునీళ్ళకే చస్తుంది. ఇల్లంతా ఫినాయిల్ పోసి కడగకు, ఆ ఘాటు పిల్లికే చేటు.

ఇక తిండి. మీది మాంసం ముట్టని ఇల్లని తెలుసు. పెరుగన్నంతో పిల్లి నిలబడదు తల్లీ. దానికి టారిన్ అనే పోషకం కావాలి, అది మాంసంలోనే దొరుకుతుంది. అది చాలకపోతే కళ్ళూ గుండే దెబ్బతింటాయి. పిల్లి పిల్లల కోసం అమ్మే పొడి మేత తెచ్చి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టు. వెచ్చగా ఉంటే వాసన తెలిసి తింటుంది. బాల్కనీలో ఒక మూల, విడిగా ఒక గిన్నె కేటాయిస్తే అత్తగారికీ ఇబ్బంది ఉండదు. పచ్చి మాంసం, పచ్చి గుడ్డు వద్దు. ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చిగుళ్ళు. రోజూ పొద్దున వెలుతురులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బొటనవేలితో పై పెదవి కాస్త ఎత్తి చూడు. లేత గులాబీ రంగులో ఉంటే నీ పని నువ్వు చేసుకోవచ్చు. పాలిపోయి సున్నం కొట్టిన గోడలా కనిపిస్తే మధ్యాహ్నం దాకా ఆగకు. ఒక నోటుపుస్తకం పెట్టి బరువు రాసుకో. ఎదిగే పిల్ల వారం రోజులు బరువు పెరగలేదంటే లోపల ఏదో ఉన్నట్టే. జ్వరం చూసేటప్పుడు మన లెక్క పనికిరాదు. పిల్లికి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు మామూలే. ఎక్కువైనా సరే పారాసెటమాల్ జోలికి పోకు. అర మాత్ర లోపలికి పోయినా చాలు, రక్తం ఆక్సిజన్ మోయలేక పిల్ల చచ్చిపోతుంది. మా పక్కింటాయన పిప్పరమెంటు ఇచ్చినంత తేలిగ్గా ఆ మాత్ర తెచ్చి ఇవ్వబోయాడు, చెయ్యి పట్టుకుని ఆపాను. కుక్కలకు వేసే గోమారి మందుల్లో కొన్ని కూడా పిల్లికి విషమే. అలాగని గోమార్లను వదిలేయకూడదు, ఉన్న కాస్త రక్తాన్నీ అవి పీలుస్తాయి. పిల్లికి సరిపడే మందు డాక్టర్ని అడిగి తీసుకో. టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడన్నదీ డాక్టరే చెప్పాలి. ఆరు నెలలకోసారి మాత్రం ఒంట్లో బాగున్నా తీసుకెళ్ళు.

నువ్వు అడిగిన దానికి జవాబు. జబ్బు బయటపడ్డాక సగం పిల్లులు రెండున్నరేళ్ళ లోపే పోతాయంటారు, పసివాటికి ఇంకా తక్కువ. దాటి బతికినవీ ఉన్నాయి. అబద్ధం చెప్పి నిన్ను ఊరడించలేను. బూడిద చివరి వారం దాకా నా పూజగది గడప మీదే పడుకునేది, ఎంత తరిమినా లేచేది కాదు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. మా కిరాణా కొట్టు రోజుల నాటి తక్కెడ ఇంకా బాగానే ఉంది, తెస్తాను. జున్ను పట్టేంత బుట్ట ఒకటి చూసి ఉంచు.

మీ పెద్దమ్మ