ఇంకా ఎక్కువ పంపాలా? వద్దు, పంపే పద్ధతి మార్చండి

ప్రశ్న: మా నాన్నకు 67, అమ్మకు 63. తణుకులో సొంతిల్లు ఉంది. నాన్న ప్రైవేటు మిల్లులో అకౌంటెంటుగా రిటైరయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 38 లక్షలు, అంతా బ్యాంకు ఎఫ్‌డీల్లోనే ఉంది, వడ్డీ కూడా ముట్టుకోరు. పెన్షన్ మూడు వేల లోపే. నేను నెలనెలా 20 వేలు పంపుతున్నాను. సంక్రాంతికి వెళ్తే తెలిసింది, అందులో 15 వేలు మా పాప పేరున ఆర్‌డీ కడుతున్నారట. అమ్మ మోకాళ్ళ నొప్పులతోనే అంట్లు తోముకుంటోంది. ఇల్లు కూడా నా పేరున రాసేస్తానంటున్నారు. నేను ఇంకా ఎక్కువ పంపాలా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఎక్కువ పంపకండి. మీరు 30 వేలు పంపితే మీ నాన్నగారు 25 వేలు ఆర్‌డీ కడతారు, అంతే. ఆయన్ని పిసినారి అనుకోకండి. జీవితమంతా ఒకటో తారీఖు జీతం చూసుకుని, అందులోంచే ఖర్చు పెట్టి, అసలు కదపకుండా బతికిన మనిషి. ఇప్పుడు ఆ ఒకటో తారీఖు లేదు. ఎఫ్‌డీ ఆయన లెక్కలో దాచిన సొమ్ము, మీరు పంపేది కొడుకు కష్టం, ఈ రెండింట్లో దేన్నీ ఖర్చు పెట్టడానికి ఆయనకు చెయ్యి రాదు.

కాబట్టి ఆయనకు మళ్ళీ ఒక జీతం ఏర్పాటు చేయండి. 60 దాటినవాళ్ళకు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది, పోస్టాఫీసులోనూ చాలా బ్యాంకుల్లోనూ తెరవచ్చు. ఒక్కొక్కరికి 30 లక్షల దాకా పరిమితి, ఐదేళ్ళ గడువు. 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఇస్తున్నారు, చేరిన రోజున ఉన్న రేటే ఐదేళ్ళూ ఉంటుంది. వడ్డీ ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి నెలల మొదట్లో వాళ్ళ ఖాతాలో పడిపోతుంది, కూడబెట్టుకునే వీలు ఇందులో లేదు, మీ నాన్నగారి లాంటివాళ్ళకు అదే మేలు. ఎఫ్‌డీలు మధ్యలో విరిస్తే వడ్డీ కోస్తారు కాబట్టి తొందరపడకుండా ఒక్కొక్కటీ మెచ్యూర్ అయినప్పుడల్లా మార్చండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను. మొత్తం నాన్నగారి పేరునే వేయకండి. 20 లక్షలు ఆయన పేరున, 10 లక్షలు అమ్మగారి పేరున వేయండి. అలా వేస్తే మూడు నెలలకోసారి ఆయనకు 41,000, ఆమెకు 20,500 వస్తాయి. భర్త ఇచ్చిన డబ్బు మీద వడ్డీని ఆయన ఆదాయంలోనే కలుపుతారు, కానీ ఈ మాత్రం ఆదాయానికి పన్ను పడదు. ఏడాదికి లక్ష దాటిన వడ్డీకి టీడీఎస్, అంటే ముందే పన్ను, కోస్తారు కాబట్టి తనకు పన్ను పడదని నాన్నగారు ఏటా ఏప్రిల్లో డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది. మా అమ్మకు 64వ ఏట మొదటిసారి తన పేరున ఇలా ఖాతా తెరిచాం. మొదటి వడ్డీ పడిన రోజు పాస్‌బుక్‌లో ప్రింట్ వేయించుకుని వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని ఆ ఒక్క లైను మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. సాయంత్రం ఎవరినీ అడక్కుండా ఆటో మాట్లాడుకుని వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళొచ్చింది. అంతకు ముందు నలభై ఏళ్ళూ ఆటోకి డబ్బులు అడిగి తీసుకున్న మనిషి ఆమె.

మిగిలిన 8 లక్షలు ఎఫ్‌డీలోనే ఉంచండి, ఆసుపత్రి అవసరానికి. ఖాతా ఇద్దరి పేరునా, ఎవరైనా తీసుకునేలా ఉందో లేదో చూడండి, చాలా ఇళ్ళలో అది ఉండదు.

మీ 20 వేలు నగదుగా పంపడం ఆపేసి పనిమనిషి జీతం, కరెంటు బిల్లు, అమ్మగారి ఫిజియోథెరపీ ఫీజు మీరే నేరుగా కట్టండి. జీతం ముందే ఇచ్చేశారని తెలిస్తే అమ్మగారు పనిమనిషిని వద్దనలేరు. మిగిలిన దాంతో ఇద్దరికీ ఆరోగ్య బీమా తీసుకోండి. బీపీ, షుగరు ఏమున్నా దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ రోజున ఏడవాల్సి వస్తుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళకు మించి వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని గడువు) పెట్టకూడదని 2024లో నిబంధన వచ్చింది. నాన్నగారికి 70 నిండాక ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. అది వస్తుంది కదా అని ఈ మూడేళ్ళు ఖాళీగా వదలకండి.

ఇల్లు మాత్రం రాయించుకోకండి. మీరు మంచివారే, సందేహం లేదు. కానీ సొంతింట్లో ఉంటున్నాననే ధైర్యం వేరు, కొడుకు ఇంట్లో ఉంటున్నాననే మాట వేరు. ఆయనకు అంత టెన్షన్‌గా ఉంటే వీలునామా రాయమనండి, ఇద్దరు సాక్షులు చాలు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎవరైనా గిఫ్టు డీడే రాయాలనుకుంటే, తమను చూసుకోవాలన్న షరతు అందులోనే రాయించుకోవాలి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం, సెక్షన్ 23 కింద ఆ డీడు రద్దు చేయమని అడగడానికి ఆ షరతే ఆధారం.

పాప ఆర్‌డీ ఆపమని మాత్రం ఆయనతో అనకండి, మనవరాలికి కట్టడం ఆయన సంతోషం. రెండు వేలకు తగ్గించమని అడగండి, ఒప్పుకుంటారు. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు అమ్మగారి ఆధార్, పాన్, రెండు ఫొటోలు పట్టుకుని ఆమెనే పోస్టాఫీసుకు తీసుకెళ్ళండి. సంతకం ఆమె చేతే పెట్టించండి, మొదటి 20,500 పడ్డాక దేనికి ఖర్చు పెట్టావని మీరూ అడగొద్దు, నాన్నగారినీ అడగొద్దని చెప్పండి.